స్టెంట్ వేశాక కూడా లీక్ అంటున్నారు, ఆపరేషన్ ఫెయిలైనట్టేనా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. నాన్నకు 72 ఏళ్లు, కొబ్బరి తోట రైతు. మూత్రం సరిగా రావడం లేదని సోంపేటలో స్కానింగ్ తీయిస్తే, కడుపులో పెద్ద రక్తనాళం 6.2 సెంటీమీటర్లకు ఉబ్బిందని తేలింది. ఎనిమిది నెలల క్రితం విశాఖలో కడుపు కోయకుండా గజ్జల్లోంచి స్టెంట్ గ్రాఫ్ట్ వేశారు. వారం తిరక్కుండానే ఇంటికొచ్చేశాం. అందరం సంతోషించాం. ఆరు నెలల స్కాన్ రిపోర్టులో ‘టైప్ 2 ఎండోలీక్, సైజు 6.1’ అని రాశారు. డాక్టరుగారు ఏమీ చేయకుండా మళ్లీ ఆరు నెలలకు రమ్మన్నారు. లీక్ ఉంటే ఎలా ఊరుకుంటారు? హైదరాబాద్‌లో ఉన్న అన్నయ్యేమో ఆపరేషన్ ఫెయిలైంది, కడుపు కోసి చేయించాల్సింది అంటున్నాడు. నాన్నకు నాలుగడుగులు వేస్తే కుడి పిర్ర పట్టేస్తోంది. కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ 1.8 ఉంది. మాది ఉద్దానం కదా, స్కాన్ మందు ఎక్కిస్తే కిడ్నీలు పోతాయని నాన్న ఇక స్కాన్లకు రానంటున్నారు. ఈ జబ్బు చిన్నాన్నకు కూడా వస్తుందా? టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.
– ఒక కూతురు

సమాధానం: అమ్మా, ముందు మీ నిద్ర సంగతి. మీరు రాసినదాన్ని బట్టి ఆపరేషన్ ఫెయిల్ కాలేదు. ఇవాళో రేపో ముంచుకొచ్చే ప్రమాదమూ కనిపించడం లేదు. డాక్టరుగారు ఆగి చూద్దామన్నది నిర్లక్ష్యంతో కాదు, ఇలాంటి లీక్‌కు ప్రపంచమంతా చేసేది అదే. మీ ఉత్తరంలో నన్ను నిజంగా కంగారు పెట్టిన మాట ఒక్కటే: నాన్నగారు ఇక స్కాన్లకు రానంటున్నారని రాశారు. స్టెంట్ గ్రాఫ్ట్ వేయించుకున్న మనిషికి వైద్యంలో సగం ఆపరేషన్ రోజున అవుతుంది. మిగతా సగం ఆ తర్వాత ఏటా జరిగే పరీక్షే. అది మానేస్తే ఖర్చుపెట్టిన లక్షలకూ పడిన కష్టానికీ రక్షణ ఉండదు.

లోపల ఏం జరిగిందో తెలిస్తే రిపోర్టులోని ఆ మాట అంత భయపెట్టదు. గుండె నుంచి కిందికి దిగే మహాధమని బొడ్డు దాకా వచ్చి, అక్కడ రెండుగా చీలి కాళ్లకు పోతుంది. కడుపులో దాని మామూలు వెడల్పు 2 సెంటీమీటర్లు. ఏళ్ల తరబడి పొగ, బీపీ, వయసు దాని గోడను బలహీనం చేస్తే అది తిత్తిలా ఉబ్బుతుంది. దీన్నే అన్యూరిజం అంటారు. మగవాళ్లలో 5.5 సెంటీమీటర్లు దాటితే ఆపరేషన్ గురించి ఆలోచిస్తాం. నాన్నగారిది 6.2. ఆ సైజు వదిలేస్తే ఏటా పదిమందిలో కనీసం ఒకరికి పగిలే ప్రమాదం ఉంటుందని మేం లెక్కవేసుకుంటాం. పగిలితే చాలామంది ఆసుపత్రి దాకా కూడా చేరలేరు. కాబట్టి అప్పుడు ఏమీ చేయకుండా ఉండే దారి మీకు లేదు.

పాత నుయ్యి గోడ కూలేలా ఉంటే లోపల సిమెంటు ఒరలు దించుతారు కదా, స్టెంట్ గ్రాఫ్ట్ చేసే పని అలాంటిదే. గోడను తీసేయరు. లోపల కొత్త గొట్టం నిలబెడతారు, రక్తం అందులోంచి పోతుంది. గొట్టానికీ పాత గోడకూ మధ్య మిగిలిన చోటులో రక్తం గడ్డకట్టి, తిత్తి మెల్లగా ముడుచుకోవాలి. అక్కడికి మళ్లీ రక్తం చేరితే దాన్ని ఎండోలీక్ అంటాం. పై ఒర గోడకు సరిగా ఆనకపోయినా, అడుగు ఒర ఆనకపోయినా అది టైప్ 1. ఒరల మధ్య అతుకు విడిపోయినా, ఒర చిల్లు పడినా టైప్ 3. ఈ రెండింటిలోనూ మహాధమని ఒత్తిడి మొత్తం నేరుగా బలహీనమైన గోడ మీద పడుతుంది. అవి కనిపిస్తే ఆరు నెలలు ఆగరు, వెంటనే సరిచేస్తారు. టైప్ 2 వేరు. పాత గోడలోని పక్క ఊటల్లాంటిది అది. వెన్ను వైపు నుంచి, పేగుల వైపు నుంచి మహాధమనికి కలిసే సన్నటి నాళాలు కొన్ని ఉంటాయి. ఒకప్పుడు వాటిలోకి రక్తం బయటికి పోయేది. ఇప్పుడు అసలు దారి మూసేశాం కనుక, వేరే నాళాల ద్వారా చుట్టూ తిరిగి వచ్చిన రక్తం వెనక్కి తిత్తిలోకి ఊరుతోంది. ఒత్తిడి తక్కువ. స్టెంట్ తర్వాత అన్నిటికంటే ఎక్కువగా కనిపించే లీక్ ఇదే. చాలామందిలో దానంతటదే గడ్డకట్టి మూసుకుపోతుంది కూడా.

ఆరు నెలలకీ మూసుకోని టైప్ 2ను మాత్రం మేం ఇంకొంచెం జాగ్రత్తగా చూస్తాం. నాన్నగారిది ఆ కోవలోకి వచ్చింది. అప్పుడు చూడాల్సింది లీక్ ఉందా లేదా అన్నది కాదు, తిత్తి సైజు. 6.2 నుంచి 6.1 అయిందంటే తగ్గిందని సంబరపడక్కర్లేదు, రేపు 6.3 వచ్చినా గుండెలు బాదుకోనక్కర్లేదు. కొలిచే చోటులో, కొలిచే చేతిలో 2, 3 మిల్లీమీటర్ల తేడా మామూలే. 5 మిల్లీమీటర్లు దాటి పెరిగితే అది నిజమైన పెరుగుదల అని లెక్క. సీటీలో తీసిన కొలతను అల్ట్రాసౌండ్ కొలతతో పోల్చవద్దు. అల్ట్రాసౌండ్‌లో సాధారణంగా కొంచెం తక్కువ చూపిస్తుంది. సీటీని సీటీతోనే, డాప్లర్‌ను, అంటే రక్తప్రవాహాన్నీ చూపే అల్ట్రాసౌండ్‌ను, డాప్లర్‌తోనే పోల్చాలి. ఆపరేషన్ అయిన నెలకు తీసిన మొదటి స్కాన్ సీడీ మీ దగ్గర ఉందో లేదో ఈరోజే వెతకండి. ఇక ముందు ప్రతి కొలతనూ దానితోనే పోల్చి చూడాలి. రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు, సీడీ కావాలి.

తిత్తి నిజంగా పెరిగితే మొదట చేసే పని, ఇది అసలు టైప్ 2యేనా అని మళ్లీ చూడటం. పైకి పక్క ఊటలా కనిపించి లోపల టైప్ 1, టైప్ 3 దాక్కుని ఉండే సందర్భాలున్నాయి. నిజంగా టైప్ 2 అయితే సన్నటి గొట్టంతో ఆ చిన్న నాళాల్లోకి వెళ్లి సన్నటి తీగచుట్టలైన కాయిల్స్‌తోనో, జిగురులాంటి మందుతోనో మూసేస్తారు. కడుపు కోయాల్సిన అవసరం చాలా అరుదు. ఒకసారి మూసినా మరో దారిలో ఊట రావచ్చు, అది కూడా ముందే తెలిసి ఉండటం మంచిది.

ఇక మీ అన్నయ్య మాట. కోపంతో అన్నా, అందులో ఆలోచించాల్సిన విషయం ఉంది కనుక వివరంగా చెబుతాను. కోసి చేసే ఆపరేషన్‌లో ఉబ్బిన భాగాన్ని తెరిచి, కృత్రిమ నాళాన్ని చేత్తో కుట్టేస్తారు. ఆ కుట్టు నిలబడితే ఇంచుమించు జీవితాంతం ఉంటుంది, ఇలా ఏటా చూసుకోనక్కర్లేదు. కానీ ఆ ఆపరేషన్‌ను తట్టుకోవాలి కదా. గుండె, ఊపిరితిత్తులు, కిడ్నీలు అన్నీ ఒకేసారి పరీక్షకు నిలబడాలి. బ్రిటన్‌లో 1999 నుంచి 2004 వరకు 1,252 మందిని చేర్చుకుని ఈ రెండు పద్ధతులనూ పోల్చి చూశారు. ఈవార్-1 అని దాని పేరు. మొదటి 30 రోజుల్లో చనిపోయినవారు స్టెంట్ వైపు 1.8 శాతం, కోసి చేసిన వైపు 4.3 శాతం. అక్కడితో ఆపితే స్టెంట్‌దే గెలుపు. వాళ్లు ఆపలేదు, ఆ మనుషులను సుమారు 15 ఏళ్లు వెంట ఉండి చూశారు. 2016లో వచ్చిన ఫలితాల ప్రకారం, రెండు మూడేళ్లలోనే ఆ మొదటి లాభం కరిగిపోయింది. ఎనిమిదేళ్లు దాటాక స్టెంట్ వేయించుకున్నవారిలోనే మరణాలు ఎక్కువయ్యాయి. దానికి ముఖ్య కారణం, స్టెంట్ చుట్టూ మిగిలిన తిత్తి మళ్లీ పెరిగి పగలడం. మళ్లీ ఏదో ఒక చిన్న చికిత్స చేయాల్సి రావడం కూడా స్టెంట్ వైపే ఎక్కువ. మొదటి నాలుగేళ్లలోనే దాదాపు ఐదుగురిలో ఒకరికి అవసరమైంది.

ఈ లెక్కలు చూసి అన్నయ్యదే సరి అనుకోవద్దు. 55 ఏళ్ల ఆరోగ్యవంతుడికైతే కోసి చేసే ఆపరేషన్ గురించి నేను గట్టిగానే ఆలోచిస్తాను, ఎందుకంటే ఆయన ముందు ఇరవై, ముప్పై ఏళ్లున్నాయి. నాన్నగారికి 72 ఏళ్లు, క్రియాటినిన్ 1.8. పొగ అలవాటు గురించి మీరు రాయలేదు కానీ, ఈ జబ్బు వచ్చినవాళ్లలో ఎక్కువమంది పొగ తాగినవాళ్లే. ఆ వయసులో, ఆ కిడ్నీలతో కడుపు కోస్తే మొదటి నెల దాటడమే పెద్ద పరీక్ష. విశాఖ డాక్టర్ల నిర్ణయం నాకు సబబుగానే అనిపిస్తోంది. ఎనిమిదేళ్ల తర్వాత వచ్చే నష్టాన్ని అడ్డుకునే ఆయుధం కూడా మీ చేతిలోనే ఉంది, అది ఏడాదికోసారి తీసే స్కాన్. అన్నయ్యకు ఈ సమాధానం చదివించండి. ఆయన కోపం నాన్న మీద ప్రేమతో వచ్చిందే. ఆ ప్రేమను వచ్చే స్కాన్‌కు సెలవు పెట్టి వచ్చి నాన్నను తీసుకెళ్లడంలో చూపించమనండి.

పిర్ర పట్టేయడం గురించి. ఉబ్బు కింది దాకా ఉన్నవాళ్లలో స్టెంట్ కాలిని, అంటే కాలి నాళంలోకి దిగే దాని కొమ్మను, సరిగా ఆనించడానికి, తుంటికీ కటి భాగానికీ రక్తం తీసుకెళ్లే నాళాన్ని ఒక వైపు కావాలనే మూసేస్తారు. అలాంటప్పుడు నడిస్తే ఆ వైపు పిర్ర పట్టేస్తుంది, ఆగితే రెండు నిమిషాల్లో తగ్గుతుంది. ఇది తెలిసి తీసుకునే నష్టమే. చాలామందిలో కొన్ని నెలల్లో పక్క నాళాలు పెద్దవై నొప్పి తగ్గుతుంది. రోజూ నొప్పి వచ్చేదాకా నడిచి, ఆగి, మళ్లీ నడవడమే దీనికి మంచి వైద్యం. డిశ్చార్జి కాగితంలో కుడి వైపు ఆ నాళం మూసినట్టు రాసి ఉందేమో చూడండి. రాసి లేకపోయినా, నొప్పి పిర్ర నుంచి పిక్కలోకి దిగినా, పాదం చల్లబడుతున్నా అపాయింట్‌మెంట్ దాకా ఆగవద్దు. స్టెంట్ కాలు సన్నబడుతుండవచ్చు, అది పూర్తిగా మూసుకుపోకముందే తెరవాలి. కటి భాగం నాళాన్ని మూయడం వల్ల కొందరు మగవాళ్లకు దాంపత్య జీవితంలో ఇబ్బంది కూడా వస్తుంది. ఆ మాట నాన్నగారు మీతో చెప్పలేరు. అన్నయ్యనో చిన్నాన్ననో అడగమనండి, లేదంటే డాక్టరుగారితో కాసేపు ఒంటరిగా మాట్లాడనివ్వండి.

కిడ్నీల విషయంలో నాన్నగారి భయం ఉత్తదని నేననను. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు వైపు ప్రతి వీధిలో డయాలసిస్‌కు పోయే మనిషి ఒకరుంటారు. ఆ ఊళ్లో పుట్టి పెరిగిన మనిషికి క్రియాటినిన్ అంకె చూస్తే గుబులు పుట్టడం సహజం. సీటీలో ఎక్కించే కాంట్రాస్ట్ మందు బలహీనమైన కిడ్నీల మీద భారం వేయగలదు, నిజమే. అయితే ప్రతి ఏడాదీ ఆ మందు అక్కర్లేదు. ఆయనకు సరిపడే దారి ఇది: మంచి డాప్లర్ స్కాన్‌తో లీక్ చూడొచ్చు, కాంట్రాస్ట్ లేని మామూలు సీటీతో సైజు కొలవొచ్చు, కడుపు ఎక్స్‌రేతో స్టెంట్ జారిందా, తీగ విరిగిందా చూడొచ్చు. ఈ మూడింటిలో దేనివల్లా కిడ్నీలకు హాని లేదు. సైజు పెరిగినట్టు కనిపిస్తేనే కాంట్రాస్ట్ సీటీ. అప్పుడు కూడా ముందూ వెనకా సెలైన్ ఇచ్చి, తక్కువ మందుతో తీస్తారు. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ముందే చెప్పాలి. ‘మందు లేకుండా స్కాన్ చేయించుకుందాం నాన్నా’ అని చెప్పండి, ఆయన ఒప్పుకుంటారని నా నమ్మకం. క్రియాటినిన్ చూపించుకోవడానికి ఇప్పుడు పలాసలోనే కిడ్నీ ఆసుపత్రి ఉంది. రక్తనాళాల డాక్టరుకూ కిడ్నీ డాక్టరుకూ ఒకరి కాగితాలు ఒకరికి చూపించడం మీ పని.

నిజానికి ఆ కిడ్నీలకు స్కాన్ మందుకన్నా ఎక్కువ నష్టం చేసేది నొప్పి గోలీలు. పిర్ర నొప్పి అని డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ కొని వేసుకుంటున్నారేమో కనుక్కోండి. ఈరోజే మాన్పించండి. మరో మందు సంగతి ఊళ్లో ఎవరూ చెప్పరు కనుక నేను నొక్కి చెబుతున్నాను. విరేచనాలకు, మూత్రంలో మంటకు, జ్వరానికి మన వైపు చటుక్కున ఇచ్చే సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ జాతి యాంటీబయాటిక్స్‌ను మహాధమని ఉబ్బు ఉన్నవాళ్లకు వేరే దారి ఉంటే ఇవ్వకూడదని 2018 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. నాన్నగారికి మూత్రం ఇబ్బంది కూడా ఉంది, కాబట్టి ఈ గోలీలు ఆయన చేతికి వచ్చే అవకాశం ఎక్కువ. మందుల షాపులోనూ, ఆర్‌ఎంపీ దగ్గరా ‘మహాధమనికి స్టెంట్ ఉంది, ఆ జాతి మందు వద్దు’ అని చెప్పడం ఆయనకు నేర్పండి. ఆస్పిరిన్, కొలెస్టరాల్ గోలీ, బీపీ గోలీ మాత్రం ఒక్కరోజూ మానకూడదు. పన్ను పీకించుకోవాలన్నా ఆస్పిరిన్ సొంతంగా ఆపవద్దు, అడిగి ఆపాలి.

ఆగకుండా పరిగెత్తాల్సిన సందర్భాలు కొన్నే. కడుపులోనో నడుములోనో ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి, చెమటలు, కళ్లు తిరిగి పడిపోవడం కనిపిస్తే గ్యాస్ అని ఇంజెక్షన్ వేయించుకుంటూ కూర్చోవద్దు. 108కి ఫోన్ చేసి, మొదటి మాటగా ‘మహాధమనికి స్టెంట్ వేసిన మనిషి’ అని చెప్పండి. ఒక కాలు హఠాత్తుగా చల్లబడి, పాలిపోయి, మొద్దుబారితే కొన్ని గంటలే సమయం ఉంటుంది. మీ ఊరి నుంచి విశాఖ రెండువందల కిలోమీటర్ల పైమాటే, బరంపురం దగ్గర. అలాంటి రోజు వస్తే ఎటు వెళ్లాలి, ఎక్కడ ఈ పని చేయగలరు అన్నది వచ్చే అపాయింట్‌మెంట్‌లోనే డాక్టరుగారిని అడిగి రాసిపెట్టుకోండి. ఆపరేషన్ అయిన మొదటి రోజుల్లో జ్వరం రావడం సహజమే, శరీరం కొత్త గొట్టానికి అలా స్పందిస్తుంది. నెలలు గడిచాక వదలని జ్వరం, బరువు తగ్గడం, నల్లటి విరేచనం, రక్తపు వాంతి వస్తే మాత్రం స్టెంట్‌కు ఇన్ఫెక్షన్ సోకిందేమో, పేగుతో అతుక్కుందేమో అని చూడాలి. ఇది అరుదు, కానీ చాలా ప్రమాదకరం. స్టెంట్ కార్డును ఫొటో తీసి ఇంట్లో అందరి ఫోన్లలోనూ పెట్టండి. ఏ కంపెనీది, ఏ సైజుది అన్నది అర్ధరాత్రి వేరే ఊళ్లో డాక్టరుకు వెంటనే కావాలి.

డబ్బు సంగతి మీరు రాయలేదు కానీ రానుపోను కారు, స్కాన్, ఒకరోజు పని పోవడం నాకు తెలుసు. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్న ఆరోగ్యశ్రీ కింద ఏ పరీక్ష, ఏ చికిత్స వస్తుందో ఆసుపత్రిలోని వాళ్ల కౌంటరులో ముందే అడగండి. మధ్య స్కాన్లు శ్రీకాకుళంలోనే చేయించి, సీడీ మాత్రం విశాఖకు పంపే వీలుందా అనీ అడగండి. చాలామంది డాక్టర్లు ఒప్పుకుంటారు.

చిన్నాన్న గురించి మీరు అడగడం చాలా మంచిపని. ఈ జబ్బు ఉన్నవాళ్ల తోబుట్టువులకు, పిల్లలకు మిగతావాళ్లకన్నా ప్రమాదం ఎక్కువ, అందులోనూ మగవాళ్లకు, పొగ తాగేవాళ్లకు ఇంకా ఎక్కువ. మీ మేనత్తలు, అంటే నాన్నగారి అక్కచెల్లెళ్లు ఉంటే వాళ్లనూ మర్చిపోవద్దు. మన వైపు ఆడవాళ్లలో అడ్డపొగ అలవాటు ఉంది. నిప్పు నోటి లోపల పెట్టుకున్నా పొగ పొగే, నోటితో పాటు రక్తనాళాలనూ తింటుంది. ఆడవాళ్లలో ఈ ఉబ్బు తక్కువమందికి వస్తుంది, కానీ వస్తే చిన్న సైజులోనే పగులుతుంది. అందుకే వాళ్లకు 5 సెంటీమీటర్లకే ఆపరేషన్ గురించి ఆలోచిస్తాం. మీ అన్నయ్య కూడా వయసు పైబడ్డాక ఒకసారి చూపించుకోవాలి, సిగరెట్ తాగుతుంటే ఇప్పుడే మానాలి.

దీనికి పెద్ద పరీక్షేమీ లేదు, కడుపు అల్ట్రాసౌండ్ ఒక్కటి చాలు. సోంపేటలోనో పలాసలోనో అవుతుంది. చీటీ మీద ‘మహాధమని వెడల్పు కొలవాలి’ అని ప్రత్యేకంగా రాయించండి, లేకపోతే లివరు, కిడ్నీలు చూసి పంపేస్తారు. మోకాలి వెనక నాళం కూడా చూడమనండి, కొందరికి అక్కడ కూడా ఉబ్బు ఉంటుంది. చిన్నాన్నను పొద్దున్నే ఏమీ తినకుండా తీసుకెళ్లండి, కడుపులో గ్యాస్ ఉంటే మహాధమని సరిగా కనబడదు.